రేడియో బ్యాటరీతో గుంతకల్లుకు

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. మా ఊరి రేడియో బ్యాటరీని గుంతకల్లుకు తీసుకుపోవడానికి, దాన్ని చూసుకునే మస్తాన్ వెంట చదువు వచ్చినవాళ్ళు ఎవరు పోతారని పంచాయతీ ప్రెసిడెంటు అడిగినప్పుడు, నలుగురి ముందు నోరు తెరిచి ఎరగని నేను "నేను పోతాను" అన్నాను. నాయన ముఖం వెలిగింది. పిల్లకు ధైర్యం వచ్చిందని నాయనను కన్న జేజి ఇరుగుపొరుగుకంతా చెప్పుకుంది. అది ధైర్యం కాదు. బ్యాటరీ ఎందుకు చెడిందో బాగుచేసే మనిషి చేత చీటీ రాయించుకొని రమ్మన్నాడు ప్రెసిడెంటు. ఆ చీటీ ఊరికి చేరే ముందు నా చేతిలో ఉండాలని పోయాను. దాన్ని చించేయాలనే అనుకున్నాను.

ఎందుకంటే బ్యాటరీని చెడగొట్టింది నేను. మాట పడుతున్నది మస్తాన్.

మా ఊరు తనకల్లుకు ఐదు మైళ్ళు. కరెంటు స్తంభాలు ఇంకా మా వైపు రాలేదు. నాయన చూసే పోస్టాఫీసు పక్కన పంచాయతీ చదువు గది ఉంది. దాని తాళం మా ఇంట్లోనే ఉంటుంది. ఆ గదిలోనే రెండేళ్ళ కిందట పంచాయతీ సమితి వాళ్ళు ఇచ్చిన రేడియో పెట్టారు. అది నడిచేది ఒక నల్లటి పెట్టెతో. లోపల మూడు గదులు, గదికొక మూత, ప్రతి గదిలో సీసపు పలకలు, వాటిని ముంచుతూ ఆసిడు కలిసిన నీళ్ళు. ఎత్తితే మణుగు పైన బరువు. పదిహేను రోజులకొకసారి కదిరిలో ఆయిలింజను మిల్లుకు పోయి చార్జి ఎక్కించుకొని వస్తుంది.

దాన్ని చూసుకునే మనిషి దర్జీ మస్తాన్ సాబ్. నేను పుట్టకముందు నుంచి నాయనకు స్నేహితుడు, నేను చిన్నాయనా అని పిలుస్తాను. సాయంకాలం ఆరుకు రేడియో పెట్టి ఎనిమిదిన్నరకు ఆపడం, బ్యాటరీ కొసలకు పట్టే పచ్చని బూజును సోడా నీళ్ళతో తుడిచి వ్యాసలీను పూయడం, గదుల్లో నీళ్ళు తగ్గితే పోయడం ఆయన పని. పోసేది వాననీళ్ళు. వాన వస్తే చదువు గది మిద్దె మీద నాలుగు కట్టెలకు తెల్లటి గుడ్డ కట్టి, నడుమ గుండ్రాయి పెట్టి, కింద జాడీ పెడతాడు. పట్టిన నీళ్ళను గాజు సీసాల్లో పోసి బిరడా బిగిస్తాడు. ఆ గుడ్డ దగ్గరికి ఎవరినీ రానీయడు, నన్ను కూడా.

ఆ ఏడు వాన రాలేదు. సీసాలు అడుగంటాయి. మస్తాన్ చిన్నాయన కూతురి కాన్పుకని పది రోజులు ఊరు విడిచిపోతూ, గదులన్నీ నిండుగా నింపి, ఉన్న చివరి సీసా ఖాళీ చేసి, రోజుకు రెండున్నర గంటలు మించి రేడియో పెట్టొద్దని నాకు చెప్పి పోయాడు. నాకు పుస్తకాలు చదివే అలవాటు. ఊళ్ళో దొరికేవి అయిపోయాయి. రేడియో ఒక్కటే జవాబు అడగకుండా నాతో మాట్లాడేది. ఆ పది రోజులూ మధ్యాహ్నం తలుపు మూసుకొని, సన్నగా పెట్టుకొని విన్నాను. నాలుగో రోజు మూత తీసి చూస్తే పలకల తలలు నీళ్ళ పైకి తేలి ఉన్నాయి. బ్యాటరీకి పోయాల్సింది డిస్టిల్ నీళ్ళని, అవి నీళ్ళను కాచి చేస్తారని ఎనిమిదో తరగతి పుస్తకంలో చదివిన గుర్తు. మా ఊరి మంచినీళ్ళ బావి నీళ్ళు ఇత్తడి కాగులో తెర్లించి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి పోశాను. ఆ రోజు నుంచి ప్రతిరోజూ పోశాను. ఎంతో మేలు చేస్తున్నాననుకున్నాను.

మస్తాన్ చిన్నాయన తిరిగి వచ్చేసరికి రేడియో మూగబోయింది. కదిరి మిల్లులో ఇది చార్జి తీసుకోవడం లేదు, చచ్చిపోయిందన్నారు. మస్తాన్ నీళ్ళు పోయకుండా ఎండబెట్టి పోయాడని ఊళ్ళో మాట పుట్టింది. సమితి మనిషి వచ్చి, తాను మళ్ళీ వచ్చేలోగా అది మాట్లాడకపోతే రేడియోను చూసుకోగలిగిన ఊరికి ఇచ్చేస్తామన్నాడు. ప్రెసిడెంటు ఆఖరి మాటగా, గుంతకల్లులో ఒక ముసలి బ్యాటరీ మేస్త్రీ ఉన్నాడట, తీసుకుపోండి, తప్పు మస్తాన్‌దని చీటీలో వస్తే పని మాన్పిస్తానన్నాడు. చిన్నాయన ఏమీ వాదించలేదు. "నేను బ్యాటరీని ఎండబెట్టే మనిషినా?" అని మాత్రం నాయనను అడిగాడు. నేను తలుపు వెనక ఉన్నాను. పదకొండు రోజులు తలుపు వెనకే ఉన్నాను.

బుధవారం తెల్లవారుజామున నాలుగున్నరకు ఎద్దులబండిలో బయలుదేరాం. నేను, మస్తాన్ చిన్నాయన, తోడుగా జేజి. గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో జేజి చెల్లెలి కొడుకు ఉంటాడు, బస అక్కడే. బ్యాటరీని చెక్కపెట్టెలో దించి చుట్టూ వరిగడ్డి కూరారు. నా సంచిలో డైరీ, పెన్సిలు, రెండు చీరలు. జేజి మూటలో జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి, వేయించిన చెనక్కాయలు.

ఆరుంబావుకు తనకల్లులో బస్సు. కదిరికి మనిషికి ముప్పావలా. కండక్టరు పెట్టెను చూసి ఆసిడు కారితే బస్సు తగలబడుతుందని పైకి ఎక్కించమన్నాడు. పైన పడుకోబెడితే కారేది అప్పుడేనని చిన్నాయన చెప్పినా వినలేదు. అప్పుడు జేజి మాటలోకి దిగింది.

"ఏమప్పా, మొన్న ఇదే బస్సులో రెండు మేకల్ని ఎక్కించినావు గదా. అవి కారలేదా?"

బస్సంతా నవ్వింది. పెట్టె చిన్నాయన కాళ్ళ మధ్యకు వచ్చింది. బ్యాటరీతో పోయేవారు ఎవరైనా ఉంటే, డ్రైవరు వెనక సీటు అడిగి కూర్చోండి. వెనక చక్రాల మీద కుదుపుకు మూతల సందుల్లోంచి ఆసిడు చిమ్ముతుంది. మూతలకు నడుమ ఉండే సన్నటి కంతలను మాత్రం మూయకూడదు. లోపల పుట్టే గాలి పోవడానికి అవి ఉండాలి.

కదిరిలో ఎనిమిదిన్నరకు దిగాం. స్టేషను ఎదుట హోటల్లో ఇడ్లీ బాగుంది, చట్నీ నీళ్ళు. పదకొండు గంటల బండి పన్నెండుకు వచ్చింది. మూడో తరగతి పెట్టెలో ధర్మవరం పట్టుచీరల మూటతో ఒక నేతాయన కూర్చుని ఉన్నాడు. మా పెట్టె ఏమిటని అడిగి, ఆసిడని తెలియగానే మూటను ఒళ్ళోకి ఎత్తుకున్నాడు. ఒక్క చుక్క పడితే ఏమవుతుందని అడిగాడు. చిన్నాయన తన లుంగీ అంచు ఎత్తి చూపించాడు. జల్లెడలాగా ఉంది.

"అల్లా దయ వల్ల కాలు మిగిలుండాది," అన్నాడు చిన్నాయన.

నేతాయన నవ్వి, అయినా మూటను కిందికి దించలేదు. వాళ్ళ వీధిలో కూడా ఒక బ్యాటరీ రేడియో ఉందట. మగ్గం గుంతలో కూర్చున్నవాళ్ళకు వినపడేలా కిటికీలో పెడతారట. పాటలు వచ్చేటప్పుడు ఇంకో నాలుగు వరసలు ఎక్కువ నేస్తామని చెప్పాడు. మా రేడియో ఎందుకు చెడిందని అడిగాడు. చిన్నాయన కిటికీలోంచి చూస్తూ, తనకు తెలిసిన పనిలో తనకు తెలియకుండా ఏదో జరిగిందని, అది ఏమిటో తెలుసుకోవడానికే పోతున్నానని నెమ్మదిగా చెప్పాడు. పని పోయినా పరవాలేదు, ఏం జరిగిందో తెలియకుండా పోతే నిద్ర పట్టదన్నాడు. నేను డైరీ తెరిచి, స్టేషన్ల పేర్లు రాసుకుంటున్నట్టు నటించాను.

మూడుంబావుకు ధర్మవరం. ఇక్కడ బండి మారాలి. నాలుగు ముప్పావు దాకా మరో బండి లేదు. ప్లాట్‌ఫారం మీద కుళాయి దగ్గర కూర్చుని రొట్టెలు తిన్నాం. చిన్నాయన తన వంతు తినే ముందు పెట్టె మూత ఎత్తి, మూడు గదుల మీదా చెయ్యి పెట్టి చూశాడు. జ్వరమున్న పిల్లవాడి నుదురు చూసినట్టే ఉంది.

అనంతపురం దాటేసరికి పొద్దు వాలింది. దారి పొడుగునా విత్తనం పడని చెనక్కాయ చేలు, మేకలు, రాళ్ళ గుట్టలు. గుంతకల్లులో దిగేసరికి ఎనిమిది. స్టేషను నిండా దీపాలు. జేజి చెల్లెలి కొడుకు ఎదురొచ్చాడు. ఇంట్లో బువ్వ, పప్పు, వేడినీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. స్విచ్చి వేసి ఆర్పి మళ్ళీ వేసి చూశాను, ఎవరూ లేనప్పుడు.

మర్నాడు ఎనిమిదిన్నరకు తిమ్మప్ప మేస్త్రీ షాపుకు పోయాం. స్టేషను రోడ్డు వెనక సందులో రేకుల కొట్టం. రైలు పెట్టెల్లో దీపాలు వెలిగించే బ్యాటరీల దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి దిగిపోయిన మనిషి. గోడ పొడుగునా బ్యాటరీలు వరసగా కూర్చుని, పాలు పొంగడానికి ముందు వచ్చే చిన్న చప్పుడు చేస్తున్నాయి. గాలిలో గొంతు పట్టే పులుపు. చిన్నాయన అలవాటుగా బీడీ తీస్తే మేస్త్రీ కళ్ళతోనే లోపల పెట్టించాడు. ఆ బుడగల్లో వచ్చే గాలికి నిప్పు తగిలితే బ్యాటరీ పేలుతుందని తర్వాత తెలిసింది.

ఆయన మా పెట్టెలో మూతలు తీశాడు. రబ్బరు ఉండ ఉన్న గాజు గొట్టంతో నీళ్ళు పీల్చి, లోపల తేలే పుల్లను చూశాడు. పుల్ల అడుగునే ఉంది. టార్చి వేసి పలకలను చూసి, ఒక చిన్న గ్లాసులో చుక్క నీళ్ళు తీసి, నల్లసీసాలోని మందు ఒక చుక్క వేశాడు. గ్లాసులో పాలు విరిగినట్టు తెల్లబడింది.

"దీనికి ఏం తాపినావప్పా? మజ్జిగా?"

చిన్నాయన వాననీళ్ళు తప్ప వేరేవి పోయలేదన్నాడు. వాననీళ్ళకు ఇట్లా తెల్లబడదు, ఇది ఉప్పు, బావినీళ్ళు పోసినావని మేస్త్రీ అన్నాడు. చిన్నాయన మళ్ళీ అదే మాట చెప్పాడు.

"ముప్పై ఏండ్లు దీంట్లో చేతులు కాల్చుకున్నోణ్ణి. నా ముందర అబద్ధమాడితే బ్యాటరీ ఒప్పుకోదు."

చిన్నాయన అబద్ధమాడే మనిషి కాదని జేజి అంది. మేస్త్రీ వినిపించుకోలేదు. చిన్నాయన గోడకు ఆనుకుని నిలబడి, ఖురాను మీద ఒట్టు వేయబోయి ఆగిపోయాడు. ఒక బ్యాటరీ కోసం ఒట్టు వేయాల్సి వచ్చిందని సిగ్గుపడ్డట్టుంది.

జేజి చీటీ సంగతి చెప్పింది. మేస్త్రీకి తెలుగు మాట్లాడడం వచ్చు, రాయడం కన్నడమే వచ్చు. నువ్వు రాయి పాపా, నేను చేవ్రాలు పెడతానని ఒక కాగితం నా ముందు పెట్టాడు. ఆయన చెప్పాడు, నేను రాశాను. బ్యాటరీ మూడు గదుల్లోనూ ఉప్పు ఉన్నది. నిండా వాడేసి చాలా రోజులు ఖాళీగా ఉంచినారు. పలకల మీద తెల్లటి గట్టి పొర పట్టింది. రేడియో చూసే మనిషి బావినీళ్ళు పోసినాడు.

"రేడియో చూసే" దాకా రాసి నా పెన్సిలు ఆగింది.

రాసేది నేనే. చించాల్సిన పని కూడా లేదు. ఇంకో మూడు మాటలు రాస్తే నా సంగతి ఎప్పటికీ బయటపడదు. తల ఎత్తాను. చిన్నాయన నన్ను చూడటం లేదు. బ్యాటరీ కొసన మిగిలిన పచ్చని బూజును గోరుతో గీకుతున్నాడు. అంత మాట పడ్డాక కూడా దాన్ని శుభ్రం చేస్తున్నాడు.

"పోసింది నేను," అన్నాను. "చిన్నాయన ఊళ్ళో లేనప్పుడు పోశాను. పగలంతా రేడియో విన్నది కూడా నేనే."

జేజి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. చిన్నాయన గీకడం ఆపాడు. తలగుడ్డ సరిచేసుకొని బయటికి పోయాడు. కేకలు వేసి ఉంటే నాకు సులభంగా ఉండేది.

మేస్త్రీ చీటీని పక్కన పెట్టి నన్ను కూర్చోబెట్టాడు. నేను కాచి పోశానని, పుస్తకంలో చదివానని చెప్పాను.

"మీ ఇంట్లో నీళ్ళు కాచే కాగులో అడుగున తెల్లగా పెచ్చు కడతాదా?"

కడుతుంది. ప్రతి శుక్రవారం చింతపండు పెట్టి తోమేది నేనే.

"ఆ పెచ్చు యాడనుంచి వస్తాది? నీళ్ళు కాస్తే నీళ్ళు ఎగిరిపోతాయి, ఉప్పు ఆడనే ఉంటాది. ఆ ఆవిరిని పట్టి చల్లారిస్తే అది డిస్టిల్ నీళ్ళు. నువ్వు ఆవిరిని వదిలేసి అడుగుది పట్టినావు. పచ్చి బావినీళ్ళు పోసుంటే దీనికి ఇంకా మేలే."

ప్రతి వారం చేత్తో తోమిన పెచ్చు, బడిలో కంఠస్థం చేసిన వాక్యం. రెండింటినీ నేను ఏనాడూ ఒకచోట పెట్టి చూడలేదు.

బతుకుతుందా అని అడిగాను. చూద్దాం అన్నాడు. అప్పుడే పని మొదలుపెట్టాడు. పాత నీళ్ళన్నీ మట్టితొట్టిలోకి వంచి, సీసాల్లోంచి డిస్టిల్ నీళ్ళు పోసి కడిగి, మళ్ళీ వంచి, మూడుసార్లు అట్లా చేశాడు. నాలుగోసారి ఆసిడు చాలా తక్కువగా కలిపి పోశాడు. కలిపేటప్పుడు నీళ్ళలోకి ఆసిడు పోయాలి, ఆసిడులోకి నీళ్ళు పోస్తే ముఖానికి ఎగురుతుందని నా చేత రెండుసార్లు చెప్పించాడు. తర్వాత కరెంటు బోర్డుకు తగిలించాడు. కరెంటును అదుపు చేయడానికి ఆయన దీపాలు వాడతాడు. ఎన్ని దీపాలు వెలిగిస్తే అంత కరెంటు బ్యాటరీలోకి పోతుంది. మిగిలిన వాటికి ఆరేసి దీపాలు. మాదానికి ఒకటే వేశాడు.

"కరువులో పడున్నోనికి గంజి తాపాల. ఒకేసారి బువ్వ పెడితే చస్తాడు."

మధ్యాహ్నానికి మస్తాన్ చిన్నాయన తిరిగి వచ్చాడు. ఎక్కడికి పోయాడో అడగలేదు. మేస్త్రీ దగ్గర కూర్చుని పని చూశాడు, చెయ్యి సాయం చేశాడు. జేజితో మాట్లాడాడు. నాతో మాట్లాడలేదు. నేను నీళ్ళ చెంబు ఇస్తే తీసుకున్నాడు, తాగాడు, కింద పెట్టాడు. అంతే.

నాలుగు రోజులు గుంతకల్లులో ఉన్నాం. పొద్దున ఎనిమిదిన్నరకు షాపు, మధ్యాహ్నం క్వార్టర్లలో భోజనం, మళ్ళీ ఆరు దాకా షాపు. గాజు గొట్టంతో కొలిచే పని మేస్త్రీ నాకే అప్పజెప్పాడు. పుల్ల ఎంత పైకి తేలితే అంత చార్జి ఎక్కినట్టు. కళ్ళు పుల్లతో సమానంగా పెట్టి చూడాలి, పైనుంచి చూస్తే తప్పు లెక్క వస్తుంది. మొదటి సాయంకాలం మూడు గదుల్లోనూ పుల్ల కదల్లేదు. రెండో రోజు మధ్యాహ్నం ఒకటో గదిలో వెంట్రుకవాసి లేచింది. నేను నమ్మలేక మూడుసార్లు పీల్చి చూశాను. పలకల మీది తెల్లపొర కరిగి మళ్ళీ ఆసిడుగా నీళ్ళలో కలుస్తోందట, అందుకే లేచిందట. ఆ సాయంకాలానికి రెండో గది కూడా లేచింది. ఇంత ఆనందం ఇచ్చిన పుస్తకం నేను చదవలేదని డైరీలో రాసుకున్నాను.

మూడో గది లేవలేదు. మూడో రోజు మేస్త్రీ ఇనుపకడ్డీ కాల్చి, పైన పోసిన తారును మెత్తబరిచి, ఆ గది పలకలను ఎత్తి బయటికి తీశాడు. అడుగున సీసపు బురద. పలకల మధ్య పెట్టే పల్చటి చెక్కల్లో ఒకటి చీలింది. చీలిన సందులో పలక పలకను తాకుతోంది. చిన్నాయన బురద కడిగాడు. మేస్త్రీ కొత్త చెక్క పెట్టాడు. నేను టార్చి పట్టుకున్నాను. ముగ్గురి తలలూ ఆ చిన్న గది మీద ఆనుకుని ఉన్నాయి. చిన్నాయన "వెలుతురు కొంచెం ఇటు," అన్నాడు. నాతోనే అన్నాడు. తర్వాత జరిగింది గుర్తొచ్చినట్టు మళ్ళీ ముడుచుకుపోయాడు.

ఆదివారం సాయంకాలం నాలుగున్నరకు మూడు గదుల్లోనూ బుడగలు ఒకే తీరుగా వచ్చాయి. పుల్ల తన మీది ఎర్రగీత దాటి పచ్చగీత దాకా తేలింది. కొత్తదాని అంత బలం ఉండదు, ఉప్పు తిన్నచోటు తిన్నట్టే ఉంటుంది, కానీ ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే ఏడాది, ఏడాదిన్నర పలుకుతుందని మేస్త్రీ చెప్పాడు. మోటారు బండి దీపం ఒకటి తెచ్చి రెండు తీగలు తగిలించాడు. వెలిగింది. చిన్నాయన దీపాన్ని చూసి, నన్ను చూశాడు, మళ్ళీ దీపాన్నే చూశాడు.

కొత్త కాగితం తీసుకొని చీటీ మళ్ళీ రాశాను. ఈసారి మేస్త్రీ చెప్పలేదు. నేనే రాసి చదివి వినిపించాను. ఆయన కన్నడంలో చేవ్రాలు చేసి, ఒక సీసా డిస్టిల్ నీళ్ళు నా సంచిలో పెట్టాడు. వాన వచ్చేదాకా ఇది చాలుతుందన్నాడు.

సోమవారం ఆరు గంటల బండికి తిరుగు ప్రయాణం. జేజి చెల్లెలు చిత్రాన్నం కట్టి ఇచ్చింది. అనంతపురంలో ఎక్కిన ఒకామె మా పెట్టెను చూసి కుట్టుమిషనా అని అడిగింది. రేడియోకు ప్రాణమని చెప్పాడు చిన్నాయన. ఆమెకు అర్థం కాకపోయినా కాళ్ళు ఎడంగా జరుపుకుంది. ధర్మవరంలో రెండు గంటలు ఆగాం. కదిరిలో రెండున్నరకు దిగి, మూడు గంటల బస్సు పట్టుకున్నాం. ఈసారి కండక్టరే డ్రైవరు వెనక సీటు చూపించాడు. తనకల్లులో మా ఊరి బండి కాచుకొని ఉంది.

ఐదు మైళ్ళ దారి. ఎండ తగ్గింది. పడమటి గుట్ట వెనక మబ్బు పట్టింది, మా వైపు మబ్బును చూసి ఎవరూ ఆశపడరు. గడ్డిలో పెట్టె, పెట్టెకు అటు చిన్నాయన, ఇటు నేను. జేజి కునుకుతోంది. గుంతకల్లు అంత దూరం పోయి నేను చూసిందేమిటని ఎవరైనా అడిగితే, ఒక రేకుల కొట్టం, మూడు గదుల పెట్టె, తేలే పుల్ల అని చెప్పాలి. కానీ చచ్చిందని అందరూ అన్న వస్తువు కూడా తొందరపడకుండా కొంచెం కొంచెంగా పోస్తే లేస్తుందని నా కళ్ళతో కొలిచి చూశాను. మనుషుల విషయం నాకు ఇంకా తెలియదు.

ఊరి పొలిమేర దగ్గర చిన్నాయన చీటీ చదవమన్నాడు. సంచిలోంచి తీశాను.

"చదువు గది తాళం చూసే రుక్మిణి, మస్తాన్ సాబ్ ఊళ్ళో లేని పది రోజులు, ఆయన వద్దన్నా ఎక్కువసేపు రేడియో విని, కాచిన బావినీళ్ళు పోసినందువల్ల బ్యాటరీ చెడింది. మస్తాన్ సాబ్ తప్పు ఏమీ లేదు. ఆయన ముందు నుంచి శుభ్రంగా ఉంచినందువల్లనే ఇది మళ్ళీ లేచింది."

చివరి వాక్యం మళ్ళీ చదవమన్నాడు. చదివాను. చీటీ చేతికి తీసుకొని, చదవలేని అక్షరాల మీద వేలు ఒకసారి పోనిచ్చి, నాకే తిరిగి ఇచ్చి, ప్రెసిడెంటుకు నా చేత్తోనే ఇవ్వమన్నాడు. ఇస్తానన్నాను. భయంగానే ఉంది, కానీ ఇస్తాను.

బండి చదువు గది ముందు ఆగింది. చిన్నాయన పెట్టెను భుజానికి ఎత్తుకొని లోపల బల్ల మీద దించాడు. మూలలో ఉన్న నాలుగు కట్టెలు, మడత పెట్టిన తెల్లగుడ్డ, గుండ్రాయి తీసి నా ముందు పెట్టాడు. మిద్దె పైకి చూశాడు.

"మొదటి వాన పట్టగాకు పాపా. అది గాలిలో దుమ్ము కడుక్కుంటాది. రెండో వానకు గుడ్డ కట్టు. నేను ఊర్లో లేకపోయినా నువ్వే కట్టు."